తాగిన మర్నాటి మర్యాదలు

వాష్‌బేసిన్‌లో ఎవరైనా వైన్ కక్కితే ముందు చల్లనీళ్ళు పొయ్యాలి. తెలియనివాళ్ళు వేడినీళ్ళు పోస్తారు, జిడ్డు వదిలినట్టు అదీ వదులుతుందనుకుని. వేడి తగిలిందంటే ఆ పులిసిన వాసన ఆవిరితో పాటు లేచి ఇల్లంతా తిరుగుతుంది. కర్టెన్లలో, తువ్వాళ్ళలో, ఆఖరికి తల దువ్వుకునే దువ్వెనలో కూడా చేరి కూర్చుంటుంది. చల్లనీళ్ళు పోసి, ఉప్పు చల్లి, పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, అప్పుడు సబ్బు పెట్టాలి. ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కడిగి కడిగి నేర్చుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే ముఖం కడుక్కుందామని హాల్లోకి వచ్చేసరికి బేసిన్ నిండా అదే. ఊదారంగు. అందులో రాత్రి తిన్న కోడిగుడ్డు ముక్కలు తేలుతున్నాయి. అద్దం మీదికి చిందింది, కుళాయి పిడికి అంటుకుంది. అంటే కక్కిన మహానుభావుడు కుళాయి తిప్పబోయి, అంతటి కష్టం తనవల్ల కాక, వెళ్ళి పడుకున్నాడన్నమాట. పళ్ళు తోముకునే బ్రష్షులు పెట్టే కప్పులో కూడా చుక్కలు పడ్డాయి. నా బ్రష్షు మీద. అయినా చెయ్యి దానంతట అదే మగ్గు కోసం వెళ్ళింది చూశారా, అదీ నాకు రోత పుట్టించింది. ఆ కక్కు కంటే నా చెయ్యి ఎక్కువ రోత పుట్టించింది.

మా ఇంట్లో దీన్ని తాగుడు అనరు. మా ఆయన పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. ఊరందరి తప్పులూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పట్టుకునే మనిషి. ఆయన లెక్కలో సారా తాగేవాడు తాగుబోతు, బ్రాందీ తాగేవాడు బాధల్లో ఉన్నవాడు, వైన్ తాగేవాడు సంస్కారవంతుడు. "ఇది తాగడం కాదే, రుచి చూడడం," అనేవారు, సీసా అడుగుకంటా రుచి చూసేసి. "ద్రాక్షపండు తిన్నట్టే. రక్తానికి మంచిది." తెల్లారాక ఆ రక్తానికి మంచిదంతా నేను బకెట్‌లో ఎత్తిపోసేదాన్ని. దానికీ మా ఇంట్లో వేరే పేరు ఉండేది. "వాడికి ఒంట్లో నలతగా ఉంది," అనేది మా అత్తగారు. నలతగా ఉన్నవాడికి మర్యాదలుంటాయి కదా. అవి వరసగా జరగాలి. ముందు కర్టెన్లు మూసెయ్యాలి, వెలుతురు గుచ్చుకుంటుందట. మంచం పక్కన బకెట్, అందులో కాసిని నీళ్ళు, లేకపోతే పడినప్పుడు చప్పుడు వస్తుంది, ఆ చప్పుడికి ఆయనకి మళ్ళీ తిప్పుతుంది. నుదుటి మీద తడిగుడ్డ, వేడెక్కగానే మార్చాలి. ఒక పెద్ద గ్లాసు నీళ్ళలో పంచదార, చిటికెడు ఉప్పు, అరచెక్క నిమ్మరసం. అది గటగటా తాగనివ్వకూడదు, వెంటనే తిరిగొస్తుంది. ఓ గుక్క, కాసేపు ఆగడం, ఇంకో గుక్క. అది నిలిస్తే కాల్చిన రొట్టె ముక్క, ఏమీ రాయకుండా. తర్వాత అరటిపండు. తలనొప్పి బిళ్ళ ఖాళీ కడుపున వేస్తే పేగులు మండుతాయి, రొట్టె దిగాకే ఇవ్వాలి. ఆయన మాత్రం "తెల్లారి ఇంకో అర గ్లాసు పుచ్చుకుంటే అదే సర్దుకుంటుందే," అనేవారు. సర్దుకునేది కాదు, సాయంత్రానికి వాయిదా పడేది.

ఇవన్నీ చేస్తున్నంతసేపూ నా ముఖం ఎలా ఉండాలో కూడా మా అత్తగారు చెప్పేది. "మొహం అలా పెట్టకే అమ్మాయ్, నీ మొహం చూస్తే వాడికి ఇంకా వికారంగా ఉంటుంది." వాడి కక్కు నా చేతుల్లో ఉంది, వికారం మాత్రం నా మొహం వల్ల! ఆయనేమో కళ్ళు తెరవకుండానే, "ఆ గిన్నెలు కాస్త మెల్లిగా పెట్టు, నా తల మీద పెడుతున్నట్టుంది," అని మూలిగేవారు. నేను గిన్నెలు గుడ్డ మీద పెట్టుకుంటూ, మా పసిపిల్ల నోటికి చెయ్యి అడ్డుపెట్టి ఊరుకోబెడుతూ, ఇంట్లో దొంగలా నడిచేదాన్ని. ఆ వరసలో చివరిది ఫోన్. పక్కింటివాళ్ళ ఫోన్‌లోంచి పత్రికాఫీసుకి చేసి, "బాబుగారూ, మా వారికి జ్వరమండీ," అని చెప్పాలి. నా గొంతు చక్కగా ఉంటుందట, ఎవరైనా నమ్ముతారట. జ్వరం, విరేచనాలు, దంతం నొప్పి, మళ్ళీ జ్వరం. ఆ ఆఫీసువాళ్ళ దృష్టిలో ఆయనంత రోగిష్టి మనిషి ఇంకోడు ఉండడు. పాపం, ఓ పెద్దాయన అయితే నన్నే ఓదార్చాడు, "మంచి ఆహారం పెట్టమ్మా," అని.

నేనూ పనికి పోయేదాన్ని. రొట్టెల బట్టీలో పిండి కలిపే పని. బట్టీ నడిపే ఆవిడ పొడుగాటి మనిషి, నవ్వేది కాదు, కానీ కళ్ళుండేవి ఆవిడకి. ఓ రోజు నా పక్కన నిలబడి, "నువ్వు పిండి ముట్టుకుని పొంగిందో లేదో చెబుతావు, మిగతావాళ్ళు గడియారం చూసి చెబుతారు. రేపట్నుంచి పొయ్యి నీది. తెల్లారకముందే రా," అంది. పొయ్యి అంటే అక్కడ రాజ్యం. పొయ్యి చూసుకునే మనిషి చెబితే అందరూ వింటారు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు నేను, తేలుతూ వచ్చాను. ఆయనకి చెప్పాను. "అబ్బో, పొయ్యి మహారాణి!" అని నవ్వి, ఆ శుభవార్త పేరు చెప్పి తనే సీసా తెరిచారు. తెల్లారకముందే యథాప్రకారం. చెప్పులేసుకుంటుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "నువ్వు పోతే నేను చచ్చిపోతానే. ఇవాళ్టికి ఉండు. రొట్టెలెక్కడికి పోతాయి?" మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బకెట్ ఎత్తి, గుడ్డ మార్చి, ఆయన జ్వరం సంగతి వాళ్ళ ఆఫీసుకి చెప్పి, నేను బట్టీకి చేరేసరికి మధ్యాహ్నం అయింది. పొయ్యి దగ్గర ఇంకొకామె ఉంది. బట్టీ ఆవిడ నన్ను తిట్టలేదు. తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. నేను పిండి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను, ఆ బల్ల దగ్గరే ముసలిదాన్నయ్యాను. ఆ సాయంత్రం ఆయనకి ఒళ్ళు తేలికపడి, ఆకలేసి, నేను తెచ్చిన రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని అన్నారు కదా, "ఇవాళ కొంచెం మాడింది. ఎవరు కాల్చారో చేతకానివాళ్ళు." ఆయన పోయి ఏళ్ళయింది. ఆ మనిషి మొహం ఒక్కోసారి నాకు సరిగ్గా గుర్తు రాదు. ఆ రొట్టె నమిలిన చప్పుడు మాత్రం నిన్న విన్నట్టుంటుంది.

మగ్గు చేత్తో పట్టుకుని ఇవన్నీ అనుకుంటూ నిలబడి ఉండగా వంటింట్లోంచి గాజు గ్లాసు దేనికో తగిలిన చప్పుడు వినిపించింది. మగ్గు బేసిన్ పక్కన పెట్టి వెళ్ళాను.

సింకు ముందు నా మనవరాలు నిలబడి ఉంది. దాన్ని మేం పిచ్చుక అంటాం, పుట్టినప్పుడు అంతే ఉండేది. పెళ్ళయి ఏడాది కాలేదు. నేను ఉండేది దాని అమ్మ దగ్గర, అంటే నా కూతురి దగ్గర. కూతురి మొగుడు ఓడ మీద పనిచేస్తాడు, ఇంట్లో ఉన్నది తక్కువ, ఫోన్లో ఉన్నది ఎక్కువ. ముందురోజు సాయంత్రం పిచ్చుకా, దాని మొగుడూ వచ్చారు. అతను ఫ్లాట్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు, అతనికి మేనేజరు పోస్టు ఇచ్చారట. ఆ సంతోషంలో రెండు వైన్ సీసాలు పట్టుకొచ్చాడు. నిజానికి అదే వారంలో పిచ్చుకకి కూడా పోస్టు పెరిగింది. అది కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. కొత్తగా తెరిచిన దుకాణానికి దీన్నే ఇన్‌ఛార్జిని చేశారు, ఆ రోజు పొద్దున పదింటికి వెళ్ళి తాళాలు తీసుకోవాలి. ఆ మాట నేనెత్తితే పిచ్చుక మొగుడు గ్లాసు పైకెత్తి, "ఆఁ, తనకీ ఏదో ఇన్‌ఛార్జి అన్నార్లెండి," అన్నాడు. ఆ 'లెండి' దగ్గర నా పిల్ల మొహం చూశాను నేను. నేను పెందలాడే పడుకుంటాను, తర్వాత సంగతి తెలియదు.

ఇప్పుడు అది రాత్రి తాగిన గ్లాసులు కడుగుతోంది. పొడుగు కాడ గ్లాసులు, అడుగున ఊదారంగు గుండ్రంగా ఎండిపోయి ఉంది. నా కూతురు స్టవ్ దగ్గర నిలబడి గుసగుసగా హడావిడి పడుతోంది.

"అల్లుడుగారికి ఒంట్లో నలతగా ఉందమ్మా. ఆ నిమ్మకాయ నీళ్ళు ఎలా కలపాలో దీనికి చూపించు. నాన్నకి నువ్వు కలిపేదానివి కదా, అలా. ఇది నేర్చుకోవద్దూ? ఎల్లకాలం నువ్వు ఉంటావా?"

నలతగా! ఆ మాట నా అత్తగారి నోట్లోంచి నా కూతురి నోట్లోకి ఎప్పుడు నడిచి వచ్చిందో. అది తన తండ్రి బకెట్ చప్పుడుకి నిద్రలేచిన పిల్ల.

"ఆయన బేసిన్‌లో..." అంది పిచ్చుక మెల్లిగా.

"తెలుసులే, అమ్మమ్మ కడుగుతుంది. నువ్వు ముందు నీళ్ళు పట్టుకెళ్ళు," అని నా కూతురు బాల్కనీలో ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళింది.

పిచ్చుక గ్లాసు బోర్లించి, సింకు అంచు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. కుళాయి నీళ్ళు గిన్నెలో పడుతున్న చప్పుడికి కనుబొమలు ముడిపడుతున్నాయి. కిటికీలోంచి పడే ఎండకి మొహం పక్కకి తిప్పుకుంటోంది. నాకు తెలిసిన మొహమే అది. ఎన్ని పొద్దులు చూశానో. కాకపోతే ఎప్పుడూ దిండు మీద చూశాను, సింకు ముందు చూడలేదు.

కుళాయి కట్టేసి, చెవి దగ్గర అడిగాను. "నువ్వూ తాగావా?"

కళ్ళు తెరిచింది. తెల్లగుడ్డు ఎర్రబడి ఉంది. "అమ్మకి చెప్పకు అమ్మమ్మా."

"ఎంత?"

"ఆయనెంత తాగితే అంత. నేను చాలంటే ఊరుకోడు. 'ఒక్కణ్ణే తాగితే తాగుబోతులా ఉంటుంది, కంపెనీ ఇవ్వు, నా కొలీగుల భార్యలు చూడు ఎంత మోడర్న్‌గా ఉంటారో' అంటాడు. ఖాళీ అవ్వగానే నింపుతాడు." బోర్లించిన గ్లాసు దూరంగా జరిపింది. "నాకూ వాంతి వచ్చింది. బాత్రూంలో కుళాయి విప్పుకుని, చప్పుడు రాకుండా, అన్నీ కడిగేసి వచ్చాను."

"అతనికి తెలుసా?"

"పొద్దున చెప్పాను, నాకూ తల పగిలిపోతోందని. 'ఆడవాళ్ళకేం కాదు, కొంచెమేగా తాగేది' అన్నాడు. తర్వాత దుకాణానికి ఫోన్ చేసి రానని చెప్పమన్నాడు. 'నేనిలా పడుంటే నువ్వు తాళాలు తీసుకోవడానికి పోతావా? దుకాణం ఎక్కడికి పోతుంది?' అన్నాడు." తడిచేతులు తుడుచుకుంది. "ఇవాళ నేను పోకపోతే ఆ తాళాలు ఇంకొకళ్ళకి ఇస్తారు అమ్మమ్మా. వాళ్ళు చెప్పారు కూడా."

రొట్టెలెక్కడికి పోతాయి, దుకాణం ఎక్కడికి పోతుంది. మనిషి మారాడు, సీసా మీద బొమ్మ మారింది, మాట మాత్రం అదే మాట, నోట్లో అదే వాసన. ఒక్క సీసాలోది ఇద్దరూ తాగారు. ఒకే తలనొప్పి, ఒకే వికారం. ఒకరిది నలత, మూసిన కర్టెన్ల వెనక మంచం మీద పడుకుని మూలగొచ్చు. ఇంకొకరిది రహస్యం, గ్లాసులు కడుగుతూ నిలబడి ఓర్చుకోవాలి. పేడలో కాలేసినట్టు కాదు, పేడలోనే ఇల్లు కట్టుకుని ఇన్నాళ్ళూ ముగ్గులేసుకున్నట్టు అనిపించింది.

పెద్ద గ్లాసు తీశాను. నీళ్ళు, పంచదార, ఉప్పు. నిమ్మకాయ కోసి పిండి, గింజలు ఏరి పారేశాను. మా ఆయనకి గింజలు ఏరేదాన్ని కాదు, ఆ మాత్రం కక్ష ఉండేది నాకు. చెంచాతో కలుపుతుంటే లోపల్నించి కేక వినిపించింది.

"ఏమైంది ఆ నీళ్ళు? ఎంతసేపు?"

పిచ్చుక ఉలిక్కిపడి గ్లాసు అందుకుని గదివైపు తిరిగింది. భుజం పట్టుకుని ఆపాను.

"ఎక్కడికే? తాగు."

"నాకా?"

"నీకే. గుక్క తాగి ఆగు. ఇంకో గుక్క."

అది నన్ను చూసింది, గ్లాసు చూసింది. తాగింది. రెండో గుక్కకి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వికారం వల్లో, దేనివల్లో నేను అడగలేదు. నా గదిలోకి తీసుకెళ్ళి నా మంచం మీద పడుకోబెట్టి కర్టెన్ లాగాను. తువ్వాలు తడిపి నుదుటి మీద వేశాను. రొట్టె ముక్క కాల్చి తెచ్చి, తుంచి తుంచి పెట్టాను. ఇన్నేళ్ళూ ఈ పనులన్నీ పళ్ళు బిగబట్టి, ఊపిరి బిగబట్టి చేశానే, ఈ చేతులు ఇంత మెత్తగా కూడా చేయగలవని నాకే తెలియదు. "కళ్ళు మూసుకో. వేళకి నేను లేపుతాను. వెళ్ళి నీ తాళాలు తెచ్చుకో," అన్నాను. అది నా చెయ్యి తీసుకుని బుగ్గ కింద పెట్టుకుంది. పసిదానప్పుడు అలాగే పడుకునేది. చెయ్యి మెల్లిగా లాక్కుని తలుపు చేరేసి, కుర్చీ లాక్కుని గుమ్మం ముందు కూర్చున్నాను. మా అత్తగారిలాగే, గుమ్మానికి అడ్డంగా.

కాసేపటికి అతనే వచ్చాడు, గోడ పట్టుకుంటూ. జుట్టు రేగి, పెదవుల పగుళ్ళలో ఊదారంగు ఇంకి, నాలుక కూడా నీలంగా కనబడుతోంది. బనియను మీద మరక. దగ్గరికి రాగానే ఆ వాసన కొట్టింది నన్ను. చచ్చిన ద్రాక్షతోటలాంటి వాసన. నిన్న ఇదే మనిషి సూటు వేసుకుని, గ్లాసు లైటుకేసి పట్టుకుని, దాని రంగు గురించి మాకు పాఠం చెప్పాడు.

"అమ్మమ్మగారూ, నీళ్ళేవండీ?"

"ఇచ్చేశాను బాబూ."

"ఎవరికి?"

"తలనొప్పి ఉన్న మనిషికి."

నా కూతురు బట్టల మూటతో వచ్చింది. "అయ్యో, మీరెందుకు లేచారండీ! ఏదే పిచ్చుక? నీళ్ళు పట్టుకెళ్ళమన్నానుగా?"

"పడుకుంది," అన్నాను.

"ఇప్పుడు పడుకోవడమేంటమ్మా! దానికేమైంది?"

"ఇతనికి ఏమైందో అదే అయింది. ఒక్క సీసాలోదే."

నా కూతురి చేతిలోంచి దిండు గలీబు జారి పడింది. "ఆడపిల్ల... తాగిందా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బేసిన్ చూసి అడ్డం పెట్టుకోలేదు ఆ చెయ్యి.

"పోసిందెవరో అడుగు," అన్నాను. అది అతని వైపు చూసింది. అతను చూపు తిప్పుకుని, కణతలు నొక్కుకుంటూ సోఫాలో కూలబడ్డాడు.

"ఇప్పుడదంతా ఎందుకండీ. తల పగిలిపోతోంది. అత్తయ్యగారూ, పొద్దున్నుంచీ ఆ గిన్నెల చప్పుడు... సరే, తనని లేపండి. ఇవాళ దుకాణం లేదు ఏం లేదు, నా దగ్గర ఉండమనండి." జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కి, నా వైపు చాపాడు. "అమ్మమ్మగారూ, మీరు ఒక్క సాయం చేసిపెట్టాలి. మా ఆఫీసుకి కలిపాను. నాకు జ్వరమని చెప్పండి. నా గొంతు వింటే కనిపెట్టేస్తారు. మీ గొంతయితే ఎవరైనా నమ్ముతారు. తాతగారికి కూడా మీరే చెప్పేవారట కదా!"

ఎవరు చెప్పి ఉంటారు? నా కూతురే. మురిపెంగా చెప్పి ఉంటుంది, మా అమ్మ ఎంత బాగా చూసుకునేదో అని. ఇంటి వైభవంలా. దాని వైపు చూశాను. కింద పడిన గలీబు తీసుకుని గుండెకి హత్తుకుని నిలబడింది. ఎందుకో మొదటిసారి దాని మొహంలో కూడా నాకు ఆ పసిపిల్ల కనిపించింది, నా చెయ్యి నోటికి అడ్డం పెట్టి ఊరుకోబెట్టిన పిల్ల.

ఫోన్ తీసుకున్నాను. అవతల ఎవరో అమ్మాయి, చక్కటి గొంతు, "చెప్పండి మేడం," అంది. అతను చేత్తో సైగ చేస్తున్నాడు, నుదురు చూపించి, జ్వరం, జ్వరం అని.

"నేను మీ కొత్త మేనేజరు గారి అత్తింటి పెద్దదాన్ని మాట్లాడుతున్నానమ్మా," అన్నాను. "బాబుకి జ్వరమేం లేదు. రాత్రి వైన్ ఎక్కువ తాగాడు, తెల్లారి తల పట్టుకుని కూర్చున్నాడు. భయపడాల్సింది ఏమీ లేదు. నిమ్మకాయ, ఉప్పు, పంచదార వంటింట్లో ఉన్నాయి, కలుపుకుని తాగుతాడు. కాస్త ఆలస్యంగా వస్తాడమ్మా. బేసిన్ కడిగి వస్తాడు."

ఫోన్ అతని ఒళ్ళో పెట్టాను. అతని నోరు తెరుచుకునే ఉంది, లోపల ఊదారంగు. తర్వాత నా కూతురు, నేను అనుకోనేలేదు, బట్టల మూట సోఫా మీద పడేసి వెళ్ళి, హాల్లో కర్టెన్లన్నీ బర్రుమని పక్కకి లాగేసింది. ఎండ వచ్చి అతని మొహం మీద పడింది.

నేను లేచి కుర్చీ పక్కకి జరిపాను. పిచ్చుకని లేపాలి, వేళవుతోంది. తలుపు తోస్తూ అతనికి చెప్పాను.

"మగ్గు అక్కడే పెట్టాను బాబూ. ముందు చల్లనీళ్ళు పొయ్యి."